రజనీకుమారి ఓనమాలు

వారపత్రికలో తన సీరియల్ అచ్చయి వచ్చినప్పుడు రజనీకుమారి ముందుగా చూసేది బొమ్మ. బొమ్మలో అమ్మాయి ఏ చీర కట్టింది, అబ్బాయికి మీసం పెట్టారా లేదా, వెనకాల రైలు వేశారా లేదా, ఇవన్నీ చూసుకుని పత్రికను అత్తగారి చేతికి ఇచ్చేది. "చదువత్తా" అనేది. భిలాయి సెక్టర్ 2లో వాళ్ళ పక్క క్వార్టర్లోకి మేము కొత్తగా వచ్చినప్పుడు, అది అత్తగారి మీద గౌరవం కాబోలనుకున్నాను. రాసినావిడకి తాను రాసింది చదవడం రాదని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది. తెలిసినప్పుడు కలిగిన ఆశ్చర్యం డెబ్బై దాటిన ఈ వయసులోనూ తగ్గలేదు. తెలుగు పుస్తకం కనబడితే చివరి పేజీదాకా వదలని మనిషిని నేను. ఎన్నో పుస్తకాలు చదివాను. ఒక పుస్తకం పుట్టడం మాత్రం ఆ ఇంట్లోనే చూశాను.

రజని పుట్టింది భిలాయిలోనే. తండ్రి ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో పాలకొండ దగ్గర్నుంచి కూలిపనికి వచ్చి, తర్వాత పర్మనెంటు అయ్యాడు. పిల్ల చదువంతా హిందీ మీడియం. ఇంట్లో మాట్లాడేది పాలకొండ తెలుగు, బడిలో రాసేది నాగరి అక్షరాలు. అక్కడ పుట్టిన మా పిల్లలందరిదీ అదే వరస. తెలుగు అక్షరాలంటే వాళ్ళకి ఊరి నుంచి వచ్చే శుభలేఖల మీద ముగ్గుల్లాంటివి. భర్త రాజాబాబు రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో పని. అతనిదీ అదే చదువు. ఆ ఇంట్లో తెలుగు చదవగలిగింది అత్తగారు తులసమ్మ ఒక్కరే. ఆవిడ తండ్రి బొబ్బిలి దగ్గర పల్లెలో బడిపంతులు. మాట పొలం గట్టు మాటే అయినా, చేతిరాత మాత్రం ముత్యాలు పేర్చినట్టుండేది.

మధ్యాహ్నాలు పనులయ్యాక మా వరసలోని తెలుగు ఆడవాళ్ళం తులసమ్మ గారి వెనక వాకిట్లో చేరేవాళ్ళం. పవర్ హౌస్ రైల్వే స్టేషన్ దగ్గరి దుకాణానికి విశాఖ వైపు నుంచి రైల్లో తెలుగు వారపత్రికలు వచ్చేవి. రాజాబాబు డ్యూటీ నుంచి వస్తూ తెచ్చేవాడు. తులసమ్మ గారు సీరియల్ పైకి చదివేవారు, మేము వినేవాళ్ళం. ఒక ఏడు వానలకి ఎక్కడో పట్టాలు కొట్టుకుపోయి కొన్ని వారాలపాటు పత్రికలే రాలేదు. సీరియల్లో డాక్టరు కుర్రాడికి ప్రమాదం జరిగినచోట కథ ఆగిపోయింది.

"ఆ బాబు బతికేడో లేదో తెలవకుండా నాకు కూర రుచి తెలవటం నేదు" అని ఎదురింటి వరలక్ష్మమ్మ ఒకటే గోల.

చేటలో కందిపప్పు చెరుగుతున్న రజని తలెత్తకుండా, "నేను చెప్పనా, తరవాతేటి జరిగిందో?" అంది.

చెప్పింది. ఆ వారమూ, పై వారమూ చెప్పింది. మేము కళ్ళు తుడుచుకుంటూ విన్నాం. చివరికి ఆగిపోయిన సంచికలన్నీ ఒక్కసారే వచ్చాయి. తులసమ్మ గారు వరసగా చదివారు. అంతా విని వరలక్ష్మమ్మ పెదవి విరిచింది.

"వీళ్ళెవులో తప్పుగా ఏసీసినారు. మన రజని సెప్పిందే అసలు కత."

అందరూ నవ్వారు. తులసమ్మ గారు నవ్వలేదు. కోడలి వంక చాలాసేపు చూసి, "ఒలే, నోటితో సెప్పింది గాలికి పోతాది. కాయితం మీద ఎట్టు" అన్నారు.

"నాకు తెలుగు రాయడం రాదు కదత్తా."

"నీకొచ్చిన అచ్చరాల్లోనే ఎట్టు. మిగతాది నాను సూసుకుంతాను."

చూసుకున్నారు. కొడుకు ఒకటో క్లాసు చదివేటప్పుడు వాడి పక్కన కూర్చుని నాగరి అక్షరాలు నేర్చుకున్నారట ఆవిడ. రజని నాగరిలో తెలుగు రాసేది, తులసమ్మ గారు దాన్ని తెలుగు అక్షరాల్లోకి ఎత్తేవారు, రాజాబాబు పోస్టులో వేసేవాడు. అలా మొదలైన మొదటి నవల 'రెండో షిఫ్టు చంద్రుడు'. ఆ రోజుల్లో పత్రికల నవలల్లో కథానాయకుడికి కారూ మేడా ఉండేవి. రజని నాయకుడికి సైకిలూ టిఫిన్ క్యారియరూ ఉన్నాయి. ప్లాంటులో క్రేను నడుపుతాడు. పైన క్రేను గదిలో ఒంటరిగా కూర్చుని, కింద ఎర్రగా కాగిన ఇనుము పోతూంటే చూస్తూ ప్రేమించిన పిల్లకి మనసులో జవాబులు చెప్పుకుంటాడు. ఆ నవల చదివాక, మా ఇంటాయన డ్యూటీ నుంచి వచ్చి మౌనంగా అన్నం తింటూంటే నేను ఆయన్ని కొత్తగా చూశాను. పదేళ్ళు కాపురం చేసిన మనిషి మనసులో ఏముందో అడగాలని నాకు తోచింది అప్పుడే.

రాసేటప్పుడు ఆమెను చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. రాజాబాబు షిఫ్టు మారినప్పుడల్లా ఆమె రాత వేళ కూడా మారేది. అతను ఫస్ట్ షిఫ్ట్ అయితే ఉదయం, సెకండ్ అయితే మధ్యాహ్నం. నైట్ షిఫ్ట్ వారం అతను పగలంతా పడుకుంటాడు కనుక, చప్పుడు చేయకుండా వంటింటి గుమ్మంలో కూర్చుని, ఒకవైపు అచ్చు పడిన పాత కాగితాల మీద రాసేది. ఒకసారి తడి దుప్పటి చెరో కొసా పట్టుకుని పిండుతున్నాం. మధ్యలో ఆమె చేతులు ఆగిపోయాయి. తన కొస నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మెలి తిరిగిన దుప్పటి పట్టుకుని అలాగే నిలబడ్డాను. నాకు కోపం రాలేదు. గుడిలో తెర వేసినప్పుడు నిలబడతామే, అలా నిలబడ్డాను. ఆ వేళ ఆమె కథలో ఎవరినో రైలెక్కించడానికి వెళ్ళిందని తర్వాత పత్రికలో చదివాను.

తొంభైలు సగానికి వచ్చేసరికి ఏడెనిమిది నవలలయ్యాయి. తెనాలి నుంచి, కాకినాడ నుంచి ఉత్తరాలు వచ్చేవి. అవీ తులసమ్మ గారే చదివి వినిపించేవారు. ఒక అమ్మాయి, "మీ నవలల్లో లాంటి మగవాళ్ళు నిజంగా ఉంటారా?" అని అడిగింది.

వంటింట్లోంచి రాజాబాబు, "ఒకడు ఇక్కడ ఉల్లిపాయలు తరుగుతున్నాడని రాసీండి" అన్నాడు.

తొంభై ఆరులో 'రైలు వేళకి మల్లెలు' సీరియల్ నడుస్తోంది. మా భిలాయి పక్కన హథ్‌ఖోజ్‌లో బోల్టులు చేసే చిన్న కార్ఖానా. అక్కడ టైపు కొట్టే నళిని, లేతు మిషను మీద పనిచేసే గోపాలం. గోపాలానికి దూరాన వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. నళిని అతనితో వెళుతుందా, ఉండిపోతుందా అన్నది మిగిలిన కథ. చివరి భాగాలే రాయాలి. అప్పుడు తులసమ్మ గారి గీతలు పైకి ఎగబాకడం మొదలుపెట్టాయి. ఒక వరస మీద ఇంకో వరస పడేది. చేతిరాత అర్థం కావడం లేదని పత్రిక వాళ్ళు మర్యాదగా ఉత్తరం రాశారు. ప్లాంటు ఆస్పత్రిలో డాక్టరు పరీక్ష చేసి, కంటి నరం ఎండిపోతోంది, మందులతో ఉన్న చూపు కొంత నిలబడచ్చు గాని పోయింది తిరిగి రాదన్నాడు.

ఆస్పత్రి మెట్లు దిగుతూ తులసమ్మ గారు అడిగిన మొదటి మాట, "పత్రికోళ్ళ దగ్గర ఇంకెన్ని వారాలకి సరకుంది?"

కొన్ని వారాలకే ఉంది. ఆ తర్వాత భాగాలు అందకపోతే సీరియల్ ఆపేస్తారు. రచయిత్రికి అనారోగ్యమని ఒక చిన్న గడి కట్టి వేస్తారు. అలా సగంలో ఆగిన సీరియల్‌ని మళ్ళీ ఎవరూ ఎత్తుకోరు.

రజని మా ఇంటికి వచ్చింది. "నళిని స్టేషన్లో నిలబడి ఉందక్కా. ఆ పిల్లని అలాగే నిలబెట్టి నేను ఎలా పడుకునేది?"

నువ్వు చెప్పు, నేను రాస్తానన్నాను. నాకు నాగరి రాదు. బజారు బోర్డులు కూడబలుక్కునేంతే. ఒక మధ్యాహ్నం కూర్చున్నాం. స్టేషనూ, జనమూ, టీ బండీ గబగబా చెప్పింది. గోపాలం నళిని దగ్గరికి వచ్చి నిలబడేసరికి ఆమె గొంతు ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"రాస్తే వస్తాది అక్కా. నీ మొహం చూస్తూ చెబితే రాదు. వాకిట్లో నలుగురికీ చెప్పే కథ వేరు, ఇది వేరు."

కలం పక్కన పెట్టేశాను. అది బిడియం కాదని నాకు తెలుసు. ఆ పని ఆమె ఒంటరిగా తప్ప చేయలేదు.

తర్వాత జగ్గయ్య మేష్టారి దగ్గరికి వెళ్ళాం. ఆయన పిల్లలకి ఇంటి దగ్గర తెలుగు చెప్పే పెద్దమనిషి, రెండు లిపులూ వచ్చినవాడు. ఆదరంగా ఒప్పుకుని, ఒక భాగం తెలుగులోకి ఎత్తి ఇచ్చాడు. సరిగ్గా ఉందో లేదో చదివి చెప్పమని రజని నాకిచ్చింది. తులసమ్మ గారు మంచం మీద కూర్చుని వింటున్నారు.

రజని రాసినదాంట్లో నళిని మాట, 'ఏటి గోపాలం, మాటాడవు?' అన్నది. మేష్టారి కాగితంలో అది 'గోపాలా, ఏల మౌనము వహించితివి?' అని ఉంది.

రజని అది విని, "ఎవరక్కా వీళ్ళు?" అంది.

ఇంకొంచెం ముందుకు వెళ్ళాను. గోపాలం నళిని మణికట్టు పట్టుకుని, ఆమె గాజుల్ని ఒక్కొక్కటే పైకి జరిపే చోటు. మేష్టారు ఇలా రాశారు: 'పిమ్మట వారిరువురును దేశ పరిస్థితులను గూర్చి కొంత తడవు ముచ్చటించుకొనిరి.'

తులసమ్మ గారికి నవ్వు ఆగలేదు. మంచం కోడు పట్టుకుని ఊగిపోతూ నవ్వారు. రజని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. వెళ్ళి అడిగితే మేష్టారు నొచ్చుకోలేదు. "అచ్చులోకి వెళ్ళే భాష కదమ్మా, కాస్త మడి కట్టించాను" అన్నాడు పాపం.

ఇంటికి వచ్చాక తులసమ్మ గారు అన్నారు. "నువ్వే నేర్చుకో."

"ఏటి?"

"అచ్చరాలు."

"ఇన్ని నవలలు రాసి ఇప్పుడు ఓనమాలా? నలుగురూ నవ్వుతారత్తా."

"రాసినావేటి? నువ్వు నీ అచ్చరాల్లో ఎట్టినావు, తెలుగులో రాసింది నాను. నా సెయ్యి పడిపోయింది, నీ నవలలు అయిపోనాయి. అంతేనా? నీ మొగుడి ఒకటో క్లాసు పుస్తకంలో మీ అచ్చరాలు నాను నేర్చుకోలేదేటి? మా అచ్చరాలు నీకు బరువైపోనాయా?"

ఆ మాట గట్టిగా తగిలింది. రజని మర్నాడు పలక కొనుక్కొచ్చింది. అప్పుడు అసలు చిక్కు తెలిసింది. పలక మీద రాసింది తులసమ్మ గారికి ఆనదు. వంగి, ముక్కు ఆనించి, పక్కకి తిప్పి చూసినా సుద్ద గీత మసగ్గా కలిసిపోయింది. ఆవిడ పలక కింద పెట్టి, రొట్టెలకి కలిపి ఉంచిన పిండి పళ్ళెం దగ్గరకి లాక్కున్నారు. చిన్న ముద్ద తీసి పీట మీద తాడులా నులిమి, వంచి, చుట్టి పెట్టారు. 'అ'.

"ఇలాటిది నువ్వు సెయ్యి. నాను ఏళ్ళతో సూస్తాను."

ఆ వారాల్లో నేను చూసినదే నేను రాయాలనుకున్నది. ఉదయం రొట్టెలు చేసే వేళ ఆ పీట మీద అక్షరాలు పుట్టేవి. రజని పిండి తాళ్ళతో అక్షరం కట్టేది, తులసమ్మ గారు వేళ్ళ కొసలతో నెమ్మదిగా తడిమేవారు. "కొమ్ము పొట్టిదయిపోనాది." "ఇదేటి, 'థ'కి సుక్క ఏదీ?" వేళ్ళకి తప్పు కనబడేది, కళ్ళకి కనబడినంత స్పష్టంగా. రజనికి వరస చెప్పనక్కర్లేదు. కఖగఘలూ గుణింతాలూ హిందీ బడిలో వల్లించినవే. చెవికి అన్నీ తెలుసు, చేతికే తెలియవు. పల్లెటూళ్ళ నుంచి పట్నాలదాకా ఆడపిల్లల్ని ఏడిపించిన చెయ్యి, పిండి అంటుకుని 'ఝ' దగ్గర ఓడిపోయి కూర్చునేది. మళ్ళీ ముద్ద తీసేది. విసుక్కోవడం నేను చూడలేదు.

పాఠం అయ్యాక అదే పిండిని మళ్ళీ మర్దించి రొట్టెలు కాల్చేవాళ్ళు. రాజాబాబు పళ్ళెం ముందు కూర్చుని, "ఆజ్ క్యా హై అమ్మా? 'ప'నా, 'ఫ'నా?" అనేవాడు.

"ఒత్తులు. గొంతుకి అడ్డం పడతాయి, నోరు మూసుకుని తిను."

వరలక్ష్మమ్మ వీధి వీధంతా చెప్పింది. "ఓలమ్మ, పుస్తకాలు రాసీసిన మడిసి ఇప్పుడు బడికెల్తన్నాది." అంటూనే రోజూ వచ్చి గుమ్మంలో నిలబడి చూసేది. కొన్నాళ్ళకి 'వ' ఎలా చేస్తారని నెమ్మదిగా అడిగింది.

చేత్తో పిండిని కట్టినవాళ్ళకి కాగితం మీద గీయడం కష్టం కాదట. త్వరలోనే రజని కలం పట్టింది. అక్షరాలు లావుగా, పొంగిన పూరీల్లా ఉండేవి. ఒక పేజీకి ఒక మధ్యాహ్నం పట్టేది. చదవడం కూడా వచ్చింది. చదవడం వచ్చాక ఆమె మొదట తీసింది తన పాత నవలలే. మేమంతా లోలోపల అనుకునేది ఒకటుంది: తులసమ్మ గారు కోడలి సరసాల్ని సగం కత్తిరించే ఉంటారని. వాకిట్లో పైకి చదివేటప్పుడు ఆవిడ అక్కడక్కడ దగ్గి పేజీ తిప్పేవారు మరి. రజనీ అదే అనుకుంది. అనుకుని ఇన్నేళ్ళూ అడగలేదు.

ఒక ఉదయం పుస్తకం పట్టుకుని మా రెండిళ్ళ మధ్య గోడ దగ్గరికి వచ్చింది. "అక్కా, ఇక్కడ చూడు. 'గిన్నె అడుగున ఉన్న చద్దన్నంలో మజ్జిగ పోసుకుని తిని, అప్పుడు పడుకుంది' అని ఉంది కదా. ఇది నేను రాయలేదు."

నేను చూశాను. నాకు చాలా ఇష్టమైన వాక్యం అది. గుండె పగిలిన పిల్ల మజ్జిగన్నం తినే ఆ చోటే నేను ప్రతిసారీ ఏడ్చేదాన్ని.

"ఇంకో దాంట్లోనూ ఉంది. ప్రతి దాంట్లోనూ ఉంది. ఏడ్చిన రోజు ఏదో ఒకటి తింటుంది."

ఇద్దరం కలిసి తులసమ్మ గారి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ మందార మొక్క పక్కన ఎండలో కూర్చున్నారు. రజని ఆ వాక్యం తడబడుతూ చదివి, "ఇదేటత్తా?" అంది.

తులసమ్మ గారు ఆశ్చర్యపోలేదు. అక్షరాలు నేర్పడం మొదలుపెట్టిన రోజే ఈ ప్రశ్న వస్తుందని ఆవిడకి తెలుసు. తెలిసే నేర్పారు.

"ఆకలితో ఎలా పడుకుంతాది గుంట? నువ్వు ఏడిపించీసి, దీపం ఆర్పీసి ఎలిపోనావు. నాకు సెయ్యి ముందుకి పోలేదు."

"ఇంకేటి మార్చావు?"

"ఇంకేటీ లేదు. నీ ముద్దులు నీ ముద్దులే. ఒక్కటి తగ్గినా నన్నడుగు."

నిజంగానే ఒక్కటీ తగ్గలేదు. తర్వాత రజని అన్ని పుస్తకాలూ చదివి చూసుకుంది. పల్లెలో పుట్టి ముసుగు దించకుండా కాపురం చేసిన ఆ విధవరాలు, కోడలు రాసిన ప్రతి కౌగిలినీ అక్షరం పొల్లుపోకుండా ముత్యాల్లాంటి చేతిరాతతో ఎత్తి రాసింది. కోడలు ఆ రోజు ఆవిడతో పోట్లాడుతుందనుకున్నాను. ఆవిడ పక్కన నేల మీద కూర్చుంది, అంతే. నాకు అక్కడ ఉండాలనిపించలేదు. నెమ్మదిగా మా ఇంట్లోకి వచ్చేశాను.

అయితే చివరి భాగాల మాట వచ్చేసరికి రజని మారిపోయింది. పోస్టు చేసేముందు ఒకసారి చదివి వినిపించమని తులసమ్మ గారు అడిగారు.

"లేదత్తా. అచ్చులో విను."

"తప్పులుంటాయేమోనే."

"ఉండనీ."

తులసమ్మ గారి మొహం చిన్నబోయింది. రజని కవరు అంటించి, విప్పి, మళ్ళీ అంటించడం నేను చూశాను. అత్తగారి చెయ్యి పడని తన నవల నవలేనా కాదా అన్నది ఆమెకి తెలియాలి. అది తెలియాలంటే వేరే దారి లేదు. రాజాబాబు కవరు పోస్టులో వేశాడు. అప్పటికి పత్రికలో ఒక వారం భాగం రానే లేదు. ఇక ఆపేశారనే అనుకున్నాం.

ఆ రోజుల్లో తులసమ్మ గారు కొత్త మనిషి అయిపోయారు. ఇన్నేళ్ళూ కథ ముందుగా తెలిసిన మనిషి, వరలక్ష్మమ్మతో సమానంగా గుమ్మంలో కూర్చుని, "రైలొచ్చిందేటి? పుస్తకం దిగిందేటి?" అని కొడుకుని వేధించేవారు. ఆ పిల్ల వెళ్ళిపోతుందంటావా అని నన్ను చాటుగా అడిగేవారు. నాకేం తెలుసు?

చివరికి పత్రిక వచ్చింది. అందులో సీరియల్ ఉంది, బొమ్మతో సహా. వాకిట్లో అందరం చేరాం. అలవాటుగా పత్రిక తులసమ్మ గారి ఒడిలో పెట్టబోయి, రాజాబాబు చెయ్యి వెనక్కి తీసుకుని భార్యకిచ్చాడు.

రజని వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఒక్కో మాటా మెట్టెక్కినట్టు చదివింది. వరలక్ష్మమ్మకి ఓపిక చాలక, నన్ను చూపించి, "హైమమ్మ గారికి ఇచ్చీ, గబగబా అయిపోద్ది" అంది.

"ఉండవే" అన్నారు తులసమ్మ గారు. "దాని నోటే ఇననీ."

రజని చదువుతోంది. స్టేషను వచ్చింది, జనం వచ్చారు. గోపాలం వచ్చి నిలబడ్డాడు. ఆమె ఆగలేదు. గాజుల దగ్గరా ఆగలేదు. నాలుగిళ్ళ ఆడవాళ్ళ ముందు, చెవులు ఎర్రబడుతూండగా, తాను రాసిన మాటల్ని తానే పలికింది. ఎవరూ నవ్వలేదు. రైలు కదిలింది. నళిని ఒక అడుగు వేసింది. అక్కడ ఒక పెద్ద సంయుక్తాక్షరం వచ్చి రజని నాలుక ఆగిపోయింది. వేలు ఆ అక్షరం మీదే ఉంచి, పెదవులు కదుపుతూ కూడబలుక్కుంటోంది.

తులసమ్మ గారు ముందుకి వంగారు. కనబడని కళ్ళు కోడలి గొంతు వైపే ఉన్నాయి.

"ఏటే, ఆగిపోనావు? ఎక్కిందా, లేదా?"